అడ్డురేకు వెనక

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. వంటింటి గుమ్మంలో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని నల్ల చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతున్న అమ్మమ్మ ఎడెల్మిరా. ఆమె కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది, రాళ్ళు కంటితో కాదు, వేళ్ళతో తడిమి ఏరుతుంది. పెరట్లో నీళ్ళ పీపాలోకి తొంగి చూసి, ఎంత మిగిలిందో మూరలతో కొలుస్తున్న అమ్మ నెరెయ్దా. కారు కింద వెల్లకిలా పడుకున్న మామయ్య రెగీనో, బయటికి కనిపిస్తున్నవి చెప్పుల్లేని రెండు పాదాలే. నాలుగోది యుసిమీ. పదిహేనేళ్ళ పిల్ల. ఎవరైనా పిలిచేదాకా తను అక్కడుందని ఎవరికీ గుర్తుండదు, ఆమెకూ అదే సుఖం.

ఆ కారు అమ్మమ్మ పెళ్ళికి ముందునాటిది. చక్కెర మిల్లు వాడ నుంచి పట్నానికి మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతుంది. నాలుగు నెలలుగా దారి మధ్యలో ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా రెగీనో దిగి, పెట్రోలు గొట్టం ఊడదీసి, నోటితో పీల్చి, ఎర్రటి తుప్పు పొడి ఉమ్మి, మళ్ళీ బిగించేవాడు. ట్యాంకు అడుగున బొత్తామంత చిల్లు కూడా పడింది. దానికి బట్టల సబ్బు మెత్తి నెట్టుకొచ్చాడు. ఇక కుదరదు. రేపు కాక పై సోమవారం సాంతా క్లారా పెద్దాసుపత్రిలో అమ్మమ్మకు కంటి ఆపరేషను. పద్నాలుగు నెలలు ఎదురుచూస్తే వచ్చిన వంతు. దారిలో కారు ఆగితే ఆ వంతు ఇంకొకరిది.

కారు కింద ఇనుము జారిన చప్పుడైంది. రెగీనో పాక్కుంటూ బయటికొచ్చి ట్యాంకును పెరట్లోకి ఈడ్చాడు.

"అమ్మాయ్! ఎక్కడ నక్కావే? ఇటు రా. చెయ్యి చూపించు."

యుసిమీ చెయ్యి చాపింది. అతను ఆమె మణికట్టు చుట్టూ వేళ్ళు పెట్టి కొలిచి నవ్వాడు.

"ఇది చెయ్యా, పిప్పయిన చెరకుముక్కా? భలే ఉంది. దూరుతుంది."

ట్యాంకు పైన గుండ్రటి కంత ఉంది. పెట్రోలు ఎంతుందో చూపించే బిళ్ళను అక్కడ బిగిస్తారు. బిళ్ళ తీసేస్తే ఆ కంతే లోపలికి దారి. రెగీనో చెయ్యి కణుపుల దగ్గరే ఆగిపోయింది. అమ్మ చెయ్యి అరచేతి దగ్గర. యుసిమీ మోకాళ్ళ మీద కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి లోపలికి పెట్టింది.

లోపల చల్లగా ఉంది. కంతలోంచి వచ్చే వాసన ముక్కులోంచి నేరుగా తలలోకి ఎక్కింది. వేళ్ళకు తుప్పు పొక్కులు పొక్కులుగా తగిలాయి, గీరితే పెచ్చులు ఊడాయి. ఆమె వాటిని గుప్పిట్లో పట్టి బయటికి తీసి నేల మీద పోసింది. ఇంకా, ఇంకా అంటున్నాడు రెగీనో. మోచెయ్యి కూడా దూరాక మధ్యలో నిలువుగా ఒక రేకు అడ్డొచ్చింది. పెట్రోలు అటూ ఇటూ ఊగకుండా పెట్టిన అడ్డురేకు. దాని కింద సందు ఉంది. ఆ సందులోంచి వేళ్ళు అవతలికి పోనిచ్చింది. అక్కడ మెత్తగా ఏదో తగిలింది. జామపండు గుజ్జు ఉడికించి ఆరబెడితే గిన్నె అడుగున మిగిలే ముద్దలాగా, మందంగా, జిగురుగా. వేలు దిగబడింది.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. రాలేదు. మోచేతి ఎముక కంత అంచుకు పట్టేసింది. ఇంకోసారి లాగింది. అంచు కోసుకుంది. కళ్ళ ముందు పెరడు పసుపుపచ్చగా తిరగసాగింది.

"పట్టేసిందిరా రెగీనో, పిల్ల మొహం చూడు!" అరిచింది అమ్మ.

అమ్మమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి పందికొవ్వు డబ్బా ఇచ్చింది. రెగీనో కంత చుట్టూ కొవ్వు పూసి, యుసిమీ భుజం పట్టి ఒక్క గుంజు గుంజాడు. మోచేతి మీది తోలు లేచిపోయి చెయ్యి బయటికొచ్చింది.

"హమ్మయ్య! ఇంకాస్త ఉంటే ట్యాంకుతో సహా నీకు పెళ్ళి చేయాల్సొచ్చేది" అన్నాడు రెగీనో. అమ్మ కూడా నవ్వేసింది. "కట్నం కింద కారిచ్చేవాళ్ళం" అంది అమ్మమ్మ, యుసిమీ మోచెయ్యి తడిమి ఊదుతూ.

యుసిమీ నవ్వలేదు. అడ్డురేకు వెనక ఉన్నదాని గురించి చెప్పలేదు. చెబితే మళ్ళీ చెయ్యి పెట్టమంటారు.

మర్నాడే రెగీనో మూతపడిన మిల్లు తొట్టి అడుగు నుంచి రెండు బకెట్ల చెరకుమడ్డి తెచ్చాడు. మిల్లు వాడలో తుప్పుకు మందంటే అదే. తాళంకప్పలు, కత్తులు, సైకిలు గొలుసులు, ఏవైనా చెరకుమడ్డి నీళ్ళలో వేసి ఎండలో పెడితే నాలుగు రోజులకు తుప్పంతా వదిలి బూడిదరంగు తేలతాయి. చిల్లుకు సబ్బు మెత్తి, మడ్డినీళ్ళు ట్యాంకు నిండా పోసి, కంతను పెంకుతో మూశాడు. కందిరీగలు వచ్చి వాలాయి. బుధవారానికి పెరడంతా పులిసిన తీపి వాసన. ఇంట్లో ఆరేసిన బట్టలకు, అన్నానికి కూడా అదే వాసన.

బుధవారం పంపు రాలేదు. కరెంటు లేక నీళ్ళ మోటారు ఆగిపోయిందన్నారు. పీపాలో రెండు మూరల నీళ్ళున్నాయి.

గురువారం పొద్దున రెగీనో మడ్డినీళ్ళు ఒంపేశాడు. కాఫీ రంగులో, ఇసుకలా తుప్పుతో పోయాయి.

"నేను సీసం కోసం పట్నం పోతున్నా. నువ్వు దీన్ని కడుగు. సోడా వేసిన వేడినీళ్ళు, గొలుసు లోపల వేసి బాగా ఊపు. తర్వాత చెయ్యి పెట్టి మూలమూలా గుడ్డతో తుడువు. మూడు సార్లు. ఎన్ని?"

"మూడు."

"రేపు ఎల్పీడియో తాత సీసం కరిగించి చిల్లుకు మాటేస్తాడు. నీళ్ళు నింపి మాటేద్దామంటే రేకు వేడెక్కదు, సీసం పట్టదు. ఖాళీ ట్యాంకు మీదే మంట పెట్టాలి. లోపల పెట్రోలు ఊపిరి మిగిలిందనుకో..." రెండు అరచేతులూ దగ్గర పెట్టి, నవ్వుతూ, దూరంగా విసిరినట్టు చేశాడు. "నన్ను వీధి చివర ఏరుకోవాలి."

అమ్మ పనికి వెళ్ళింది. ముసలివాళ్ళ భోజనశాలలో ఆమెది వంట. యుసిమీ నీళ్ళు కాచి, సోడా కలిపి, గొలుసు వేసి, ట్యాంకును అటూ ఇటూ దొర్లించింది. లోపల గొలుసు గరగరలాడింది. నీళ్ళు ఒంపితే నల్లగా పోయాయి. తర్వాత గుడ్డ చేతికి చుట్టుకుని కంత ముందు కూర్చుంది.

కంత ఆమె వంక చూస్తున్నట్టు ఉంది. మోచేతి మీది పుండు ఇంకా పచ్చిగానే ఉంది. మణికట్టు దాకా పెట్టింది. అంచు చల్లగా తగలగానే చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసేసుకుంది. మూడోసారి పెట్టనే లేదు.

పీపా దగ్గరికి వెళ్ళి చూసింది. నీళ్ళు ఒక మూరకు దిగాయి. ఇంకో రెండుసార్లు కడిగితే అమ్మ ఊరుకోదు అనుకుంది. ఆ మాట ఒకసారి అనుకున్నాక హాయిగా అనిపించింది. నీళ్ళు లేవు కాబట్టే కడగలేదు. ట్యాంకును ఎండలో బోర్లించి, గొలుసు తుడిచి, మేకుకు తగిలించింది.

సాయంత్రం రెగీనో సైకిలు గోడకు ఆనిస్తూ అడిగాడు.

"మూడు సార్లేనా?"

"మూడు" అంది యుసిమీ.

మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! అన్నాళ్ళూ మాట్లాడాలంటే గొంతు పట్టేసే పిల్లకు, ఆ ఒక్క మాట నూనె రాసినట్టు జారింది. రాత్రి అన్నం ముట్టకుండా పళ్ళెం పక్కకు నెట్టింది. "జ్వరమా?" అని అమ్మమ్మ నుదురు తడిమింది. కాదంది.

శుక్రవారం పొద్దున్నే ఎల్పీడియో వచ్చాడు. మిల్లు నడిచినన్నాళ్ళూ దాని బకెట్లకీ గరాటాలకీ మాట్లేసిన మనిషి. ఆయనకు కనుబొమలు లేవు. ఎప్పుడో పోయాయి, ఎలా పోయాయని యుసిమీ ఎన్నడూ అడగలేదు. ఇవాళ మాత్రం ఆ నున్నటి చోటు నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏం రెగీనో, ఈ తుక్కుడబ్బా ఇంకా చావలేదా?"

"నీకంటే చిన్నదేగా తాతా."

"నాకు మాట్లేసేవాడు దొరికుంటే నేనూ పరిగెత్తేవాణ్ణిరా."

ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. ఒక ముక్కు రంధ్రం వేలితో మూసి, కంత దగ్గర వంగి, నిదానంగా పీల్చాడు. రెండో రంధ్రంతో మళ్ళీ పీల్చాడు. ఆయన చూసే పరీక్ష అదొక్కటే. అన్నేళ్ళ పనిలో ఆ ముక్కు తప్పు చెప్పింది ఒక్కసారేనని అంటాడు.

"చెరకుమడ్డి తప్ప ఇంకేం లేదు. ఇందులో సారా కాచుకోవచ్చు. ఎన్నిసార్లు కడిగారు?"

"మూడు. మా పిల్లే కడిగింది" అన్నాడు రెగీనో.

ఎల్పీడియో యుసిమీ వైపు తిరిగాడు. "మూడేనా తల్లీ?"

ఆమె తల ఊపింది.

వాసన లేదన్నాడుగా అనుకుంది. ఆయనకు తెలియదా? కానీ పెరడంతా, తన జుట్టంతా, అన్నమంతా చెరకుమడ్డి వాసనే. ఐదు రోజులుగా ఈ ఇంట్లో ఎవరి ముక్కుకూ మరో వాసన తెలియలేదు. అడ్డురేకు వెనక వేలు దిగబడిన ముద్ద గుర్తొచ్చింది. దాని మీద మడ్డినీళ్ళు నిలబడి ఉంటాయి. దాని పైపైన తీపి. లోపల పెట్రోలు. వేడి తగిలితే ఉడుకుతుంది.

ఎల్పీడియో ట్యాంకును బోర్లించి, సబ్బు గీకేసి, చిల్లు చుట్టూ రేకు తళతళలాడేదాకా ఆకురాయితో రుద్దాడు. చిన్న రేకు బిళ్ళ కత్తిరించి సుత్తితో వంపు తీశాడు. సీసం కరిగించే ఇత్తడి మంటదీపంలో పంపు కొట్టాడు. అగ్గిపుల్ల గీశాడు. దీపం ముందు పచ్చగా వెలిగి, తర్వాత బుస్సుమంటూ నీలంగా నిలబడింది.

"తాతా" అంది యుసిమీ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. అమ్మ కూడా, పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి.

"కాఫీ తాగండి. చల్లారిపోతుంది."

"ఆహా, దీనికి నోరుందే!" అన్నాడు రెగీనో.

ఎల్పీడియో దీపం కింద పెట్టి కాఫీ తాగాడు. రెండే గుక్కలు. అది తెచ్చింది అమ్మమ్మ. ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాపి అక్కడే నిలబడింది. "ఇదేనా నన్ను సాంతా క్లారా తీసుకెళ్ళేది?" అంటూ వంగి ట్యాంకు మీద చెయ్యి వేసి తడిమింది, ఆవు వీపు నిమిరినట్టు. ఎల్పీడియో దీపం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నీలిమంట అమ్మమ్మ లంగా అంచుకు జానెడు దూరంలో ఉంది.

యుసిమీ నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. అప్పుడు ఆమె చేసిన పని ఎందుకు చేసిందో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయేది. నేల మీద కూలబడి, ట్యాంకును ఒళ్ళోకి గుంజుకుని, పక్కకు తిప్పి, ఆ కంతలోకి చెయ్యి జొనిపింది. మణికట్టు, ముంజెయ్యి, పచ్చిపుండు మోచెయ్యి. ఒక్క తోపులో భుజం దాకా.

"ఏయ్! పిచ్చెక్కిందా?" రెగీనో అరిచాడు. "తాతా, దీపం! దీపం పక్కకు తియ్యి!"

ఎల్పీడియో అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

యుసిమీ వేళ్ళు సందు దాటాయి. ముద్ద అక్కడే ఉంది. గోళ్ళతో పెళ్ళగించి, గుప్పిట బిగించి, మోచెయ్యి తిప్పి లాగింది. పుండు మళ్ళీ చీరింది. నల్లటి జిగురు ముద్ద అరచేతిలో పెట్టుకుని ఎల్పీడియోకు చూపించింది.

ఎల్పీడియో దీపం మంట ఆర్పాడు. మేకు మొనతో కాస్త ముద్ద తీసుకుని పెరటి చివర కంచె దాకా నడిచాడు. అక్కడ నిలబడి అగ్గిపుల్ల గీశాడు. మేకు మీది ముద్ద చిటపటమని, ఎర్రగా, నల్లటి పొగతో చాలాసేపు మండింది. ఆయన దాన్ని మట్టిలో గుచ్చి వెనక్కొచ్చాడు. ఆయన మొహం చెమటతో తడిసింది.

"అడ్డురేకు వెనకదా?"

తల ఊపింది.

"ఇంకా ఉందా?"

"ఉంది."

"మూడు సార్లు కడిగావన్నావు."

"ఒక్కసారి" అంది యుసిమీ. "చెయ్యి పెట్టలేదు. భయమేసింది."

రెగీనో చెయ్యి లేచింది. "చంపేసేదానివే! మా అమ్మ ఇక్కడే నిలబడింది, చూశావా? మూడు అన్నావు, నా మొహం మీదే అన్నావు!"

"రెగీనో!" అంది అమ్మమ్మ.

అతని చెయ్యి గాలిలో ఆగి, కిందికి దిగింది. ఉమ్మేసి, వెళ్ళి కారు బంపరు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"కడగాలంటే నీళ్ళేవి?" అంది అమ్మ. "పీపాలో ఒక మూరుంది. అది తాగడానికే."

అమ్మమ్మ ఇంటి వైపు చెయ్యి చూపించింది. "నా మంచం కింద రెండు బకెట్లున్నాయి. తలంటుకుని ఆసుపత్రికి పోదామని దాచాను. డాక్టరు చూసేది కళ్ళనే కదా, జుట్టును కాదుగా. తీసుకో."

పొద్దు నడినెత్తికొచ్చేదాకా యుసిమీ కడిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం రాలేదు. సోడానీళ్ళు పోసి, గొలుసు ఊపి, ఒంపి, చెయ్యి పెట్టింది. మూడుసార్లు చెయ్యి పట్టేసింది. భయం పోలేదు, ప్రతిసారీ కొత్తగానే వచ్చింది. ఊపిరి బిగబట్టి, ఇరవై లెక్కపెట్టి, మోచేతిని లోపలికి మడిచి తిప్పితే జారి వస్తుందని తెలుసుకుంది. ముద్దను గోళ్ళతో గీకి, పొగాకు ఉండంత ఉండలుగా తీసి, కంచె పక్కన తవ్విన గుంటలో వేసింది. నాలుగోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. అడ్డురేకు వెనక వేళ్ళకు ఉత్త రేకు తగిలింది. గరుగ్గా, పొడిగా.

ట్యాంకు ఎండలో ఆరింది. మధ్యాహ్నం దాటాక ఎల్పీడియో మళ్ళీ వచ్చాడు. అప్పటికి చెరకు పొలాల మీంచి గాలి మొదలైంది. గాలికి దీపం మంట నిలవదు. ట్యాంకును రేకుల షెడ్డులోకి మోశారు. అమ్మమ్మను అమ్మ వీధి అవతలికి, పొరుగింటి అరుగు మీదికి తీసుకెళ్ళింది. షెడ్డులో ట్యాంకును కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. రెగీనో లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మధ్య ట్యాంకును బిగించుకుని కూర్చున్నాడు.

ఎల్పీడియో గుమ్మంలో ఆగాడు.

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

"రేకు వెనక?"

"గోళ్ళతో గీకాను. ఏం లేదు. ఉత్త రేకే."

"సరే" అని ఆయన లోపలికి వెళ్ళి దీపానికి పంపు కొట్టసాగాడు.

యుసిమీ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన ఇప్పుడు టోపీ తీస్తాడు, వంగుతాడు, ముక్కు మూసి పీలుస్తాడు అని చూసింది. ఆయన టోపీ తీయలేదు.

"తాతా, వాసన చూడరా?"

"పొద్దున చూశానుగా. నా ముక్కు ఏం చెప్పిందో విన్నావుగా. లోపలికి వెళ్ళింది నీ చెయ్యి. నువ్వు ఏమంటే అదే."

అబద్ధం చెప్పినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు ఆమె మాటకు వెనక ఆయన ముక్కు ఉంది, మామయ్య అనుభవం ఉంది, పెద్దవాళ్ళున్నారు. ఇప్పుడు ఆమె మాట వెనక ఎవరూ లేరు. మామయ్య మోకాళ్ళ మధ్య ట్యాంకు ఉంది. అడ్డురేకు వెనక రెండు మూలలు. ఎడమ మూల నాలుగుసార్లూ తుడిచింది, గుడ్డ ఇరుక్కుంది, అది బాగా గుర్తుంది. కుడి మూల? మూడోసారి చెయ్యి పట్టేసింది. నాలుగోసారి... తుడిచిందా? వేళ్ళ వంక చూసుకుంది, వాటికి గుర్తు లేదు.

లోపల అగ్గిపెట్టె చప్పుడైంది.

"మామయ్యా, ఆగండి. ఇంకొక్కసారి చెయ్యి పెట్టి చూస్తాను. కుడి పక్క మూల..."

రెగీనో లేచాడు. గుమ్మం దగ్గరికి వచ్చి ఆమె మోచేతి వంక చూశాడు. పొద్దున్నుంచి అతను ఆమె వైపు చూడటం అదే మొదలు. కొవ్వు, తుప్పు, నెత్తురు కలిసి అక్కడ ఎండిపోయి ఉన్నాయి.

"చూశావు కదా?" అన్నాడు మెల్లగా.

"చూశాను. కానీ..."

"చూశావు. నాకు నీ మాట చాలు. అవతలికి వెళ్ళు, అమ్మమ్మ దగ్గరికి."

"మామయ్యా, ఒక్కసారి!"

అతను ఆమె వేళ్ళను గుమ్మం మీంచి ఒక్కొక్కటే విడిపించి, తలుపు మూశాడు.